సొసైటీ పాలకవర్గం ఎన్నిక: చేతులెత్తడం నుంచి రహస్య బ్యాలెట్ దాకా

సంఘాన్ని నడిపేవారిని సభ్యులే ఓటు వేసి ఎన్నుకోవాలన్న పద్ధతిని పల్నాడు రైతులకు దగ్గర చేసిన వాటిలో సహకార పరపతి సంఘాలు ముఖ్యమైనవి. క్రోసూరు, అచ్చంపేట, బెల్లంకొండ, పెదకూరపాడు మండలాల్లో పత్తి, మిర్చి వేసే రైతు అప్పుకూ ఎరువుకూ ముందుగా తలచుకునే చోటు సొసైటీ. దాని పాలకవర్గంలో ఎవరుంటారన్నదాన్ని బట్టి అప్పు ఎవరి చేతికి అదనులో అందుతుంది, ఎవరు అదను దాటాక కూడా ఎదురుచూస్తారు అన్నది తేలుతుంది. మిర్చికి పెట్టుబడి ఎక్కువ, ధర నిలకడ తక్కువ. అలాంటి పంట మీద బతికే ఊళ్లలో సొసైటీ ఎన్నిక నిక్కచ్చిగా జరగడం రైతు కుటుంబానికి అన్నం పెట్టే విషయం.

ఇప్పుడు సొసైటీ ఎన్నిక అనగానే ఒక క్రమం కళ్ల ముందుకొస్తుంది. ఓటర్ల జాబితా, నామినేషన్లు, వాటి పరిశీలన, ఉపసంహరణ, రహస్య ఓటు, లెక్కింపు, ఫిర్యాదుకు ఒక వేదిక. ఇవన్నీ ఒక్కసారిగా పుట్టలేదు. నూట ఇరవై ఏళ్లకు పైగా, ఒక్కో అన్యాయం బయటపడినప్పుడల్లా ఒక్కో నియమం చేరుతూ వచ్చింది. ఏ నియమం ఏ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిందో తెలిస్తే, దాన్ని వదిలేసినప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది.

తొలి సంఘాలు, పంచాయతీదారులు

క్రోసూరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే వరకు అది గుంటూరు జిల్లాలో ఉండేది. మండలాల వ్యవస్థ 1985లో వచ్చింది. అంతకు ముందు ఈ ప్రాంతం సత్తెనపల్లి తాలూకాలోది. గుంటూరు జిల్లా ఏర్పడిన 1904లోనే దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం కూడా అమల్లోకి వచ్చింది.

ఆ చట్టానికి దారి వేసిన పరిశీలన మద్రాసు రాష్ట్రంలోనే జరిగింది. రైతును వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి తప్పించే మార్గం చూడమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి పని అప్పగించింది. ఆయన యూరప్‌లోని రైతు బ్యాంకులను పరిశీలించి 1895, 1897 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా నివేదిక ఇచ్చాడు. 1904 చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో తొలి గ్రామీణ సంఘం చెంగల్పట్టు జిల్లా తిరూరులో నమోదైంది. తర్వాత తెలుగు జిల్లాలకూ సంఘాలు విస్తరించాయి. 1912లో మరో చట్టం వచ్చి పైస్థాయి బ్యాంకులకూ, పరపతేతర సంఘాలకూ చోటిచ్చింది.

ఆనాటి గ్రామ సంఘాల పాలకవర్గాన్ని ‘పంచాయతీ’ అనీ, సభ్యులను ‘పంచాయతీదారులు’ అనీ పిలిచేవారు. ఊళ్లో తగాదాలు తీర్చే పెద్దలకున్న పేరే అప్పులిచ్చే సంఘం పెద్దలకూ వచ్చింది. పేరుతోపాటు పాత అలవాటూ వచ్చింది. సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి నాలుగైదు పేర్లు చదవడం, ‘ఎవరికైనా అభ్యంతరమా’ అని అడగడం, ఎవరూ లేవకపోతే ఎన్నిక ముగిసిందనుకోవడం మామూలు. పోటీ వస్తే చేతులెత్తమనేవారు.

చట్టం మాత్రం ఒక విషయంలో పాత పెద్దరికానికి ఎదురు నిలిచింది. అపరిమిత బాధ్యత గల గ్రామీణ సంఘాల్లో ప్రతి సభ్యుడికీ ఒకే ఓటు. ఎకరాలు ఎన్ని ఉన్నా, వాటాధనం ఎంత కట్టినా రెండో ఓటు లేదు. ఈ సూత్రానికి మూలం ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 1844లో నేత కార్మికులు, ఇతర పనివాళ్లు కలిసి పెట్టుకున్న దుకాణం. వాటాలను బట్టి ఓట్లుండే కంపెనీ పద్ధతిని వాళ్లు పక్కనపెట్టి, మనిషికొక ఓటు అన్న నియమం పెట్టుకున్నారు. వంద ఎకరాల ఆసామికీ రెండెకరాల రైతుకూ ఒకే విలువ ఇచ్చే ఆ నియమం ఆనాటి గుంటూరు జిల్లా పల్లెలకు చాలా కొత్తది. అప్పటి శాసనసభల ఓటుకు పన్ను, ఆస్తి అర్హతలుండేవి. సొసైటీ ఓటుకు సభ్యత్వం చాలు.

చేయెత్తితే కనిపించేది

మనిషికొక ఓటు ఉన్నా, దాన్ని నలుగురి ఎదుట వేయాల్సి వస్తే ఆ సమానత్వం చాలావరకు కాగితం మీదే ఉండిపోతుంది. సర్వసభ్య సమావేశంలో కూర్చున్న చిన్న రైతు ఎవరి పొలం కౌలుకు చేస్తున్నాడో, ఎవరి దగ్గర చేబదులు తెచ్చుకున్నాడో, ఎవరి ఇంటి ముందు నుంచి తన పొలానికి దారి ఉందో ఊరందరికీ తెలుసు. చేయి ఎత్తే ముందు అతను ఆ ముఖాల వైపు చూస్తాడు. సంఘం పెట్టిందే వడ్డీ వ్యాపారి పట్టు తప్పించడానికి. ఆ వ్యాపారి, లేదా అతని బంధువు, పంచాయతీదారుగా నిలబడితే అతని కళ్లెదుట వ్యతిరేకంగా చేయెత్తేవాళ్లు తక్కువ.

సహకార ఉద్యమం తీరును పరిశీలించిన కమిటీలు పదేపదే ఒకే జబ్బును ఎత్తిచూపాయి. 1914–15లో మాక్లగన్ కమిటీ సంఘం నడక సభ్యుల చేతిలో ఉండాలనీ, సభ్యులకు తమ సంఘం గురించి అవగాహన కల్పించాలనీ గట్టిగా చెప్పింది. మద్రాసు రాష్ట్రం తన సొంత సహకార చట్టాన్ని 1932లో చేసుకుంది. చెడిన పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ఆ చట్టం రిజిస్ట్రారుకు ఇచ్చింది. అంటే పాలకవర్గం దారి తప్పితే సరిదిద్దే పని సభ్యుల ఓటుకు వదలకుండా అధికారి చేతికి వెళ్లింది. ఎన్నిక బలహీనంగా ఉన్న చోట అధికారి బలపడతాడు. ఇది తర్వాతి కాలమంతా సహకార చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించే విషయం.

చీటీ, పెట్టె, ముద్ర

పేరు రాసిన చీటీతో ఎంపిక చేయడం దక్షిణ భారతానికి కొత్త కాదు. చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో, 919, 921 సంవత్సరాల్లో ఉత్తరమేరూరులో చెక్కిన శాసనాలు ఊరి సభకు సభ్యులను ఎంచే విధానాన్ని వివరంగా చెబుతాయి. ఊరిని 30 వాడలుగా విడదీసి, ఒక్కో వాడ నుంచి అర్హుల పేర్లు తాటాకు చీటీల మీద రాసి కుండలో వేసేవారు. చిన్న పిల్లవాడి చేత ఒక చీటీ తీయించి, అది అందుకునే పెద్ద అరచేయి విప్పి అందరికీ చూపాకే తీసుకుని పేరు చదివేవాడు. 35 ఏళ్లు నిండి 70 దాటనివారే అర్హులు. సొంత భూమి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. అంతకు ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారినీ, వాళ్ల దగ్గరి బంధువులనూ చీటీల్లో చేర్చరాదు. ఆ సభ బ్రాహ్మణ అగ్రహారానిది. అందరికీ చోటున్నది కాదు. అయినా లెక్క చెప్పనివాడు మళ్లీ పదవికి రాకూడదన్న నియమం, చీటీ తీసే చేతిలో మోసం లేదని చూపే జాగ్రత్త, నేటి ఎన్నికల నిబంధనలకు చాలా దగ్గర.

అచ్చువేసిన కాగితం మీద రహస్యంగా ఓటు వేసే పద్ధతిని 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాలు చట్టం చేశాయి. బ్రిటన్ 1872లో బ్యాలెట్ చట్టం తెచ్చింది. ఆ చట్టం ఓటునే కాక నామినేషన్‌నూ మార్చింది. అంతకు ముందు అభ్యర్థుల పేర్లను వేదిక మీద జనం మధ్య ప్రకటించి, చేతులెత్తించి చూసేవారు. గోల, గుంపుల బలం, కొట్లాట అక్కడే మొదలయ్యేవి. 1872 తర్వాత అభ్యర్థి పేరు రాతపూర్వకంగా రావాలి. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు సంతకం చేయాలి. నామినేషన్ పత్రం అనే కాగితం అలా స్థిరపడింది.

మద్రాసు రాష్ట్రంలో అక్షరాలు రాని ఓటర్ల కోసం రంగుపెట్టెలు వచ్చాయి. 1937 ఎన్నికల్లో కాంగ్రెసు పెట్టె రంగు పసుపు. పసుపు పెట్టెలో ఓటు వేయమన్నదే ఆనాటి ప్రచారం. 1951–52 సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు కాగితం మీద ఏ ముద్రా వేయకుండా తనకు నచ్చిన పెట్టెలో వేసేవాడు. పెట్టెల మధ్య కాగితాలు మార్చేసే అవకాశం ఆ పద్ధతిలో ఉంది. 1962 నాటికి అన్ని పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చువేసి, ఓటరు ముద్ర వేసి ఒకే పెట్టెలో వేసే పద్ధతి దేశమంతటా అమలైంది. సహకార సంఘాల బ్యాలెట్ కూడా ఇదే నమూనాను అనుసరించింది. అందుకే క్రోసూరు రైతుకు శాసనసభ ఓటు వేయడం తెలిస్తే సొసైటీ ఓటు వేయడం మళ్లీ నేర్చుకోనవసరం లేదు.

1964 చట్టం ఏర్పరచిన క్రమం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాష్ట్రంలో రెండు సహకార చట్టాలు నడిచాయి. కోస్తా, రాయలసీమల్లో మద్రాసు 1932 చట్టం, తెలంగాణలో హైదరాబాదు చట్టం. రెండింటి స్థానంలో 1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ ఏడే దాని కింద నిబంధనలు వెలువడ్డాయి. సొసైటీ ఎన్నికకు ఒక వరుస ఏర్పడింది.

మొదటి మెట్టు ఓటర్ల జాబితా. ఎవరు సభ్యులో, ఎవరు ఓటు వేయగలరో ముందే రాసి, నోటీసు బోర్డు మీద పెట్టి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. ఎన్నిక వస్తుందని తెలిశాక ఒక వర్గం రాత్రికి రాత్రి వాటాధనం కట్టించి కొత్త సభ్యులను చేర్చడం, వేరే వర్గం సభ్యుల దరఖాస్తులను పక్కన పడేయడం సహకార రంగంలో పాత రోగం. ఓటు రోజున ఎంత నిజాయతీ చూపినా, జాబితాలోనే చెయ్యి పెట్టి ఉంటే ఫలితం ముందే నిర్ణయమైపోతుంది. అందుకే సభ్యత్వం తీసుకుని నిర్ణీత కాలం గడిచినవారికే ఓటు, చనిపోయినవారి పేర్ల తొలగింపు, జాబితా ప్రదర్శన వంటి నియమాలు అవసరమయ్యాయి.

రెండో మెట్టు ఎన్నికల అధికారి. ఆ బాధ్యత సంఘం కార్యదర్శికో, దిగిపోతున్న ప్రెసిడెంటుకో కాకుండా బయటి వ్యక్తికి ఇవ్వాలి. కార్యదర్శి జీతం ఇచ్చేది పాలకవర్గమే. తనకు జీతమిచ్చేవాళ్ల ఎన్నికను తానే నడపాల్సి వస్తే అతనికీ ఇబ్బందే, ఎదుటి పక్షానికీ అనుమానమే. పోటీలో ఉన్నవారు, వాళ్ల దగ్గరివారు ఎన్నిక నిర్వహణలో ఉండరాదన్న నియమం చాలా తగాదాలకు మొదట్లోనే మందు.

మూడో మెట్టు నామినేషన్. దాన్ని పరిశీలించాక మిగిలిన వారి జాబితా, ఉపసంహరణ గడువు, చివరి జాబితా, గుర్తుల కేటాయింపు వరుసగా వస్తాయి. పోలింగు ముగిశాక లెక్కింపు, ఫలితం. గెలిచిన డైరెక్టర్లు తమలోంచి ప్రెసిడెంటును, వైస్ ప్రెసిడెంటును ఎన్నుకుంటారు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. ఉత్తరమేరూరు కుండ ఈ ఒక్క సందర్భంలో మళ్లీ పనికొస్తుంది.

1987లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఏకగవాక్ష పద్ధతి తెచ్చి, స్వల్పకాలిక, దీర్ఘకాలిక రుణాలు రెండూ ఒకే సొసైటీ ద్వారా అందేలా చేసింది. రైతుకు అప్పులన్నీ ఒకే తలుపు దగ్గర దొరకడంతో ఆ తలుపు దగ్గర ఎవరుంటారన్న పోటీ పెరిగింది. తర్వాతి కాలంలో సొసైటీ పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విభజించి, ఒక్కో దానికి ఒక డైరెక్టరు చొప్పున 13 మందిని ఎన్నుకునే పద్ధతి స్థిరపడింది. వీటిని వాడుకలో ‘టీసీలు’ అంటారు. కొన్ని స్థానాలు షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలకు కేటాయిస్తారు. సర్వసభ్య సమావేశం మొత్తంగా ఎన్నుకుంటే పెద్ద ఊరే అన్ని పదవులూ తీసుకుపోతుంది. టీసీల వల్ల సొసైటీ పరిధిలోని చిన్న ఊరికీ ఒక డైరెక్టరు దక్కుతాడు. అయితే టీసీల సరిహద్దులు గీసేది ఎవరు, ఏ టీసీ ఏ వర్గానికి రిజర్వు అవుతుంది అన్నవి ఓటర్ల జాబితా అంత ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి.

నామినేషన్ దగ్గర జరిగే అన్యాయం

ఎన్నిక నడిపిన అనుభవం ఉన్నవారెవరైనా ఒక మాట ఒప్పుకుంటారు. పోలింగు రోజు కంటే నామినేషన్ల రోజు గొడవలు ఎక్కువ. పోలింగు రోజున వందల మంది కళ్లుంటాయి. నామినేషన్ గదిలో కొద్ది మందే ఉంటారు. అక్కడ ఒక పేరు ఆగిపోతే పోటీయే ఉండదు.

నామినేషన్‌ను అడ్డుకునే దారులు చాలా ఉన్నాయి. పత్రాలు ఇచ్చే చోటూ వేళా చెప్పకపోవడం. అభ్యర్థి బకాయి లేడన్న ధ్రువపత్రం అడిగితే కార్యదర్శి కనిపించకపోవడం. చిన్న అక్షర దోషానికి పత్రం తిరస్కరించడం. ప్రతిపాదించినవాడి చేత ‘సంతకం నాది కాదు’ అనిపించడం. దారి కాచి పత్రం లాక్కోవడం. వీటికి విరుగుడుగా నిబంధనలు పెరిగాయి. నామినేషన్ల తేదీ, సమయం, చోటు ముందే ప్రకటించాలి. పత్రం అందుకున్నట్టు వేళతో సహా రసీదు ఇవ్వాలి. పరిశీలనకు అభ్యర్థులను రానివ్వాలి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. ప్రధాన అర్హతకు సంబంధం లేని చిన్న పొరపాటుకు పత్రం కొట్టేయరాదు.

బకాయి ఉన్నవాడు డైరెక్టరు కారాదన్న నియమం సహకార చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. అప్పు తీర్చనివాడు అప్పులిచ్చే చోట కూర్చోకూడదన్నది దాని న్యాయం. కానీ ఆ లెక్క ఎవరి దస్త్రంలో ఉంటుంది? సొసైటీ దస్త్రంలోనే. అందువల్ల బకాయిదారుల జాబితా కూడా ఓటర్ల జాబితాతో పాటే ముందే బయట పెట్టడం, బకాయి కట్టడానికి నామినేషన్ల లోపు వీలు ఇవ్వడం న్యాయం. అప్పుడే ఆ నియమం నిజమైన ఎగవేతదారును ఆపుతుంది, ఎదుటి వర్గం వాడిని ఆపే ఆయుధం కాదు.

నామినేషన్ తిరస్కరణ మీద భారత న్యాయవ్యవస్థ తొలినాళ్లలో చెప్పిన పెద్ద తీర్పు మద్రాసు రాష్ట్రం నుంచే వచ్చింది. సేలం జిల్లా నామక్కల్ నియోజకవర్గంలో నామినేషన్ తిరస్కరణకు గురైన పొన్నుస్వామి అనే అభ్యర్థి హైకోర్టుకూ, తర్వాత సుప్రీంకోర్టుకూ వెళ్లాడు. ఎన్నిక అంటే నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా జరిగే మొత్తం ప్రక్రియ అనీ, మధ్యలో కోర్టులు ఆపరాదనీ, అభ్యంతరం ఉంటే ఫలితం తర్వాత ఎన్నికల పిటిషన్ వేయాలనీ 1952 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. శాసనసభ ఎన్నికలకు చెప్పిన ఈ సూత్రం ఇతర ఎన్నికల వివాదాల్లోనూ ప్రస్తావనకు వస్తూ ఉంది. ఎన్నిక మధ్యలో ఆగదు కాబట్టి, నామినేషన్ గదిలో జరిగిన తప్పుకు పరిహారం ఆలస్యంగానే దొరుకుతుంది. ఆ గదిలో తప్పు జరగకుండా చూడటం అందుకే అంత అవసరం.

నీటి సంఘాలు

పల్నాడు రైతుకు మరో ఎన్నిక నీటి సంఘానిది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. జవహర్ కాలువ అనే కుడికాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు నీళ్లు తెచ్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత కాలువల నిర్వహణలో రైతులకు భాగం ఇవ్వాలని 1997లో రాష్ట్రం సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం చేసింది. ఆ ఏడు జూన్‌లో రాష్ట్రమంతటా 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి.

వీటి ఎన్నికలోనూ టీసీలున్నాయి. కాలువ మొదట ఉన్న పొలాలకూ చివర ఉన్న పొలాలకూ పాలకవర్గంలో గొంతు ఉండాలన్నది వాటి ఉద్దేశం. మొదటి పొలాల రైతుకు నీళ్లు వద్దన్నా వస్తాయి. చివరి రైతు వంతు కోసం కాచుకుంటాడు. అందరి ఓట్లూ కలిపి లెక్కిస్తే చివరి రైతు మాట నెగ్గడం కష్టం. అధ్యక్షుడిని మొదట్లో సభ్యులే నేరుగా రహస్య ఓటుతో ఎన్నుకునేవారు. పదవి చేపట్టిన ఏడాది తర్వాత, మూడోవంతు ఓటర్లు కోరితే, వెనక్కి పిలిచే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. ఎన్నుకున్నవారిని మధ్యలో దించే హక్కును సభ్యులకే ఇవ్వడం సంఘాల చరిత్రలో పెద్ద ముందడుగు. 2003లో చేసిన సవరణలతో, ఒకేసారి పాలకవర్గం మొత్తం మారకుండా రెండేళ్లకోసారి మూడోవంతు సభ్యులు దిగిపోయే పద్ధతి వచ్చింది.

ఓటును భూమి హక్కుతో ముడిపెట్టడం ఈ సంఘాల పెద్ద లోటు. పొలంలో మిర్చి కోసే, పత్తి తీసే ఆడవాళ్లలో తమ పేరున పట్టా ఉన్నవారు తక్కువ. కాబట్టి నీటి సంఘాల జాబితాల్లో వాళ్ల పేర్లూ తక్కువే. రాష్ట్రంలో 2024 డిసెంబరులో జరిగిన నీటి సంఘాల ఎన్నికలు చేతులెత్తే పద్ధతిలో నడిచాయి. ఖర్చు, కాలం కలిసొచ్చినా, వందేళ్ల కిందటి పంచాయతీదారుల ఎన్నికలో ఉన్న ఇబ్బంది ఆ పద్ధతిలో ఇప్పటికీ ఉంది.

ఏకగ్రీవం

పల్లెల్లో పోటీ లేకుండా పాలకవర్గం ఏర్పడితే దాన్ని గౌరవంగా చూస్తారు. ఊరు రెండుగా చీలదు, ఖర్చు ఉండదు, పగలు పెరగవు. ఫ్యాక్షన్ల గాయాలున్న పల్నాడులో ఈ ఆశను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ప్రభుత్వాలు కూడా ఏకగ్రీవాలకు ప్రోత్సాహకాలిచ్చాయి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించారు.

ఏకగ్రీవం రెండు దారుల్లో వస్తుంది. నామినేషన్లు వేసే స్వేచ్ఛ అందరికీ ఉండి, మాట్లాడుకుని కొందరు ఇష్టపూర్వకంగా ఉపసంహరించుకుంటే అది సమ్మతి. నామినేషన్ వేయనివ్వకపోతే, లేదా వేసినవారిని బెదిరించి ఉపసంహరింపజేస్తే అది అన్యాయం. రెండింటిలోనూ కాగితం మీద కనిపించేది ఒకే మాట. తేడాను పట్టుకునేవి విధానాలే. ఉపసంహరణ పత్రం అభ్యర్థి స్వయంగా ఇవ్వాలి, లేదా అతను రాతపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతినిధి ఇవ్వాలి. గడువుకు ముందూ తర్వాతా పత్రాలు తీసుకోకూడదు. ఎవరు ఎప్పుడు ఉపసంహరించుకున్నారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. పదవిని వేలం వేసి, ఎక్కువ సొమ్ము ఇచ్చినవాడిని ఏకగ్రీవం చేయడం చట్టం ముందు చెల్లదు. సొమ్ము గుడికి ఇచ్చినా, బడికి ఇచ్చినా, ఓటరు హక్కును కొన్నట్టే అవుతుంది.

ఎన్నిక జరగకపోవడం

ఎన్నికలో జరిగే అక్రమాలన్నింటికన్నా పెద్దది ఎన్నికే జరగకపోవడం. 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక సహకార సంఘాల్లో ప్రభుత్వం వాటాదారుగా చేరాలని సూచించింది. డబ్బుతోపాటు ప్రభుత్వం నామినేట్ చేసే సభ్యులూ వచ్చారు. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నిక జరగకపోతే, దాని స్థానంలో సంఘాన్ని నడిపే పర్సన్ ఇన్‌చార్జిని నియమించే అధికారం చట్టంలో ఉంది. తాత్కాలిక ఏర్పాటుగా పెట్టిన ఆ అధికారం ఏళ్ల తరబడి సాగింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ అలవాటు పోలేదు.

దీన్ని సరిదిద్దడానికి మూడు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. చౌదరి బ్రహ్మ్‌ప్రకాశ్ కమిటీ సూచించిన నమూనా చట్టం స్ఫూర్తితో, 1995లో రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలు తమ ఎన్నికలు తామే నడుపుకోవచ్చు. గడువులోపు ఎన్నిక పెట్టే బాధ్యత పాలకవర్గానిదే. దేశంలో ఇతర రాష్ట్రాలు దీన్ని చూసి ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

రెండోది వైద్యనాథన్ కమిటీ. 2005లో ఇచ్చిన నివేదికలో అది పరపతి సంఘాలకు ఆర్థిక సాయాన్ని సంస్కరణలతో ముడిపెట్టింది. ప్రభుత్వ వాటా 25 శాతానికి మించరాదు, పాలకవర్గంలో ప్రభుత్వ ప్రతినిధి ఒకరికి మించరాదు, ఎన్నికలు వేళకు జరగాలి.

మూడోది 97వ రాజ్యాంగ సవరణ. 2012 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చిన ఈ సవరణ సహకార సంఘం ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. పాలకవర్గంలో 21 మందికి మించరాదనీ, గడువు ఐదేళ్లనీ, షెడ్యూల్డు కులాలు లేదా తెగలకు ఒకటి, మహిళలకు రెండు స్థానాలుండాలనీ, గడువు తీరక ముందే ఎన్నిక జరగాలనీ చెప్పింది. ఓటర్ల జాబితా తయారీ, ఎన్నికల నిర్వహణ శాసనసభ నిర్ణయించిన సంస్థ చేతిలో ఉండాలంది. సహకారం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రాల్లో సగం ఆమోదం లేకుండా ఈ భాగం చెల్లదని 2013లో గుజరాత్ హైకోర్టు, 2021 జూలై 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాయి. బహుళ రాష్ట్ర సంఘాలకు మాత్రం అది మిగిలింది. వాటి కోసం కేంద్రం 2023 చట్ట సవరణతో ప్రత్యేక సహకార ఎన్నికల సంస్థను ఏర్పాటు చేసింది.

ఈ ప్రయత్నాల మధ్యే, 2013 జనవరి 31, ఫిబ్రవరి 4 తేదీల్లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు 2018లో తీరింది. తెలంగాణలో 2020 ఫిబ్రవరి 15న మళ్లీ పోలింగు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో గడువు పొడిగింపులు, ఆ తర్వాత ముగ్గురేసి సభ్యుల నామినేటెడ్ కమిటీలు నడిచాయి. పద్దెనిమిదేళ్లు నిండగానే శాసనసభ ఓటు వచ్చిన పల్నాడు యువరైతుకు తన సొసైటీ ఓటు వేసే అవకాశం అన్నేళ్లూ రాలేదు.

క్లబ్బులకూ అదే కొలమానం

రిక్రియేషన్ క్లబ్బులు, యువజన సంఘాలు, గ్రంథాలయ సంఘాలు సహకార చట్టం కిందికి రావు. అవి చాలాకాలం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యాయి. 2001 నుంచి రాష్ట్రానికి సొంత సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. ఈ చట్టాలు ఎన్నిక ప్రతి మెట్టునూ నిర్దేశించవు. ఆ పని సంఘం బైలాలకు వదిలేస్తాయి. కాబట్టి బైలా రాసేవారి మీద బాధ్యత ఎక్కువ. సొసైటీలు నేర్చుకున్న పాఠాలను అక్కడే రాసుకోవాలి.

సభ్యుల జాబితా ఏ తేదీ నాటిదో బైలాలో ఉండాలి. ఎన్నికల అధికారి పోటీలో లేనివాడై ఉండాలి. నామినేషన్‌కు కనీసం వారం పది రోజుల గడువు, రసీదు, రాతపూర్వక కారణంతోనే తిరస్కరణ ఉండాలి. పోటీ ఉన్న ప్రతి స్థానానికీ రహస్య ఓటు పెట్టాలి. ఖాళీ పెట్టెను అందరికీ చూపి సీలు వేయాలి. లెక్కింపు అభ్యర్థుల ఎదుట జరగాలి. ఓటు కాగితాలను ఫిర్యాదు గడువు ముగిసేదాకా భద్రపరచాలి. ఒకే మనిషి వరసగా ఎన్నిసార్లు పదవిలో ఉండవచ్చో ముందే రాసుకోవాలి. లెక్కలు అప్పజెప్పకుండా దిగిపోయినవారికి మళ్లీ నామినేషన్ వేసే అర్హత ఉండకూడదు. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. యాభై మంది సభ్యులున్న చిన్న సంఘం కూడా వీటిని పాటించగలదు.

ఎన్నికలో ఓడినవారు ఫలితాన్ని ఒప్పుకుని సంఘంలోనే కొనసాగితే ఆ ఎన్నిక సక్రమంగా జరిగినట్టే. జాబితా నుంచి లెక్కింపు దాకా ప్రతి మెట్టూ తమ కళ్లెదుట జరిగినప్పుడే వాళ్లు ఒప్పుకుంటారు. అప్పు, నీళ్లు, ఎరువు అన్నీ సంఘాల చేతుల మీదుగా అందే ప్రాంతంలో, ఓడినవాడు కూడా మర్నాడు అదే సొసైటీకి ధీమాగా వెళ్లగలిగేలా చేయడమే ఈ విధానాల లక్ష్యం.